మా నాన్నని సాగనంపిన అందరికీ, ముందుగా ఆ సెలూన్ అన్నకి

ఇవాళ పన్నెండో రోజు అయిపోయింది. షామియానా వాళ్లు సాయంత్రమే కుర్చీలు లెక్కపెట్టుకుని తీసుకెళ్లారు. రెండు తక్కువొచ్చాయట, మా వీధిలో ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి చెప్పండి. చుట్టాలు వెళ్లిపోయారు. అమ్మ ఇప్పుడిప్పుడే కళ్లు మూసుకుంది. రాత్రి ఒంటిగంట కావస్తోంది, నాకు నిద్ర రావడం లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక కూడా లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

నాన్న చాలామందికి 'చీఫ్ గారు', నేవీలో ఆయన హోదా అది. వైజాగ్ శ్రీహరిపురంలో మా ఇంటి అడ్రసు ఎవర్ని అడిగినా 'చీఫ్ గారి ఇల్లా' అని చూపిస్తారు. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరి నుంచి 1967లో, 17 ఏళ్లకి నేవీలో చేరారు. అప్పటికి ఆయన సముద్రం చూసింది ఒక్కసారేనట. లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ శిక్షణ కేంద్రంలో బాయిలర్ల పని నేర్చుకున్నారు. 1971 యుద్ధానికి విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్ మీద ఉన్నారు. పైన డెక్ మీద కాదు, అడుగున, బాయిలర్ గదిలో. యుద్ధం ఎలా జరిగింది నాన్నా అని చిన్నప్పుడు అడిగితే, 'నాకేం తెలుసమ్మా, నేను కింద చెమటలు కక్కుతున్నాను' అనేవారు. విక్రాంత్‌కి ఉన్న నాలుగు బాయిలర్లలో ఒకదానికి అప్పటికే పగులు. ఓడ వేగం అందుకుంటేనే విమానాలు లేస్తాయి. ఆ పగులుతో వేగం అందదు. 'కుంటి గుర్రమెక్కి యుద్ధానికెళ్లాం' అని నవ్వేవారు. డిసెంబరు 4న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి విమానాలు లేచిన సంగతి ఆయనకి చెవులతో తెలియలేదు, ఆవిరి పడిపోతున్న మీటరు ముల్లు చూసి తెలిసిందట.

ఘాజీ గురించి మాత్రం నవ్వేవారు కాదు. విక్రాంత్ ఇక్కడే ఉందనుకుని వెతుక్కుంటూ వచ్చి, మన వైజాగ్ బయటే మునిగిపోయింది కదా ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. విక్రాంత్ అప్పుడు అండమాన్‌లో ఉంది. ప్రతి నేవీ డేకి మమ్మల్ని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లేవారు. విన్యాసాలన్నీ అయిపోయి జనం పల్చబడ్డాక, ఆ యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర కాసేపు నిలబడేవారు. ఘాజీలో 90 మందికి పైగా ఉన్నారు, వాళ్లలోనూ ఇంజిన్ దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఉంటారు కదా అనేవారు. చుట్టూ ఉన్నవాళ్లకి ఆ మాట నచ్చేది కాదు. ఒకసారి ఎవరో గొడవకి కూడా వచ్చారు. నాన్న వాదించలేదు, వేరుశనక్కాయల పొట్లం ఆయన చేతిలో పెట్టి వచ్చేశారు.

ఇంటి సంగతులు రాస్తే తెల్లారిపోతుంది. ఒకటి మాత్రం రాస్తాను. ఓడ మీదుంటే ఉత్తరాలకి నంబర్లు వేసేవారు. ఓడ ఒడ్డుకొచ్చాక నాలుగైదు ఉత్తరాలు ఒక్కసారే పడేవి, ముందూ వెనకా కలిసిపోయి. ఏది ముందు చదవాలో అమ్మకి తెలియాలి కదా అని మూల మీద 11, 12, 13 అని. అమ్మ దగ్గర 14 లేదు. అది ఎక్కడో పోయింది. దానిలో ఏం రాశారో చెప్పమని అమ్మ నలభై ఏళ్లు అడిగింది. ఆయన ప్రతిసారీ ఒక కొత్త అబద్ధం చెప్పారు.

విక్రాంత్‌ని 2014లో ముంబైలో ముక్కలు చేసినప్పుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ ఇనుముతో బజాజ్ వాళ్లు ఒక బైకు తెచ్చారు కదా, 2016లో. మల్కాపురంలో ఎవరో కుర్రాడు ఆ బండి ఆపి టీ తాగుతుంటే, 'బాబూ, ఒకసారి ట్యాంకు మీద చెయ్యి పెట్టుకోవచ్చా' అని అడిగారు. ఆ అబ్బాయి భయపడ్డాడు, ఈ ముసలాయనకి ఏమైందో అని.

ఇక అసలు సంగతి.

జనవరి మొదటి వారంలో నాన్నకి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. రాత్రి పదకొండింటికి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. పేరు రాయను. మాజీ సైనికుల వైద్యం కార్డు తీసుకుంటామని బోర్డు మీద రాసుంది. కౌంటర్‌లో అబ్బాయి అప్రూవల్ రావాలి, సర్వర్ స్లోగా ఉంది, అంతవరకు డిపాజిట్ కట్టండి అన్నాడు. గంటన్నర. నాన్న స్ట్రెచర్ మీద, ముక్కుకి ఆక్సిజన్, చేతిలో ఆ కార్డు పట్టుకుని ఉన్నారు, ఎవరైనా అడిగితే చూపిద్దామని. నేను అరుస్తుంటే 'వాళ్ల పేపర్లు వాళ్లని చేసుకోనీ అమ్మా' అన్నారు. ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా మండింది. చివరికి డబ్బు కట్టాకే లోపలికి తీసుకెళ్లారు.

నాన్న రోజూ పొద్దున్న ఐదింటికి గడ్డం గీసుకుంటారు. జ్వరమొచ్చినా, పండగైనా, హుద్‌హుద్ తుఫాను మర్నాడు ఇంటి పైకప్పు రేకు ఎగిరిపోయి కరెంటు లేని రోజు కూడా, బకెట్లో ఉన్న చెంబుడు నీళ్లతో గీసుకున్నారు. నేవీలో గడ్డం పెంచాలంటే రిక్వెస్ట్ పెట్టుకోవాలి, ఆఫీసర్ పర్మిషన్ ఇవ్వాలి. ఇంట్లో మాకది పెద్ద జోకు. ఆసుపత్రిలో మూడో రోజుకి బుగ్గ తడుముకుని, 'పర్మిషన్ లేకుండా పెరుగుతోంది, డిఫాల్టర్ అని శిక్ష వేసేస్తారు' అన్నారు. ఐదో రోజుకి జోకులు ఆగిపోయాయి. ఎవరైనా చూడ్డానికొస్తే మొహం గోడవైపు తిప్పుకునేవారు. వారం దాటాక సిస్టర్ చెప్పింది, గడ్డం వల్ల మాస్కు సరిగ్గా అతుక్కోవడం లేదు, గాలి పోతోంది, గీయించాలి అని. వాళ్ల దగ్గరికి వచ్చే బార్బర్ సంక్రాంతికి ఊరెళ్లిపోయాడట. మీరే ఎవర్నైనా తెచ్చుకోండి అన్నారు.

భోగి ఇంకా రెండు రోజులుంది. ఆ రోజుల్లో వైజాగ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. సగం ఊరు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఉంటుంది, మిగతా సగం సెలూన్లో కూర్చుని ఉంటుంది. నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన ఆసుపత్రి అనగానే చెయ్యి అడ్డంగా ఊపేశాడు. ఇంకో ఏసీ సెలూన్లో హోమ్ సర్వీసుకి యాప్‌లో బుక్ చేసుకోవాలి మేడమ్ అన్నారు. అంతా మగవాళ్లున్న చోట గుమ్మంలో నిలబడి 'మా నాన్నకి గడ్డం గీస్తారా' అని అడగడం ఎలా ఉంటుందో రాయలేను.

ఐదోది ఆసుపత్రి వెనక సందులో చిన్న డబ్బా షాపు. రెండు కుర్చీలు, ఒక రేడియో. ఆయనకి యాభై దాటి ఉంటాయి. బెంచీ మీద ఏడుగురు వెయిటింగ్. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో ఏడుపొచ్చేసింది. ఆయన సగం గీసిన గడ్డం పూర్తి చేసి, కత్తి డెట్టాల్లో ముంచి, 'ఏటమ్మా, పెద్దాయనకేనా? పదండి' అన్నారు. బెంచీ మీదవాళ్లు గొణిగారు. 'ఉంటే ఉండండి, నేకపోతే రేపు రండి బావూ, ఆసుపత్రి పనిది' అని సంచీ తీసుకుని నా ముందే నడిచారు. ఆ ఏడుగురికి కూడా ఇక్కడే క్షమాపణలు చెబుతున్నాను.

వార్డులోకి వచ్చి ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నారు. సిస్టర్‌ని అడిగారు, మాస్కు ఎంతసేపు తియ్యొచ్చు అని. ఆవిడ కొంచెం కొంచెంగా చేయమంది. కొత్త బ్లేడు కాగితం నాన్న కళ్ల ముందు విప్పారు. వేడినీళ్లలో తువ్వాలు పిండి బుగ్గల మీద పెట్టారు. ఆ తర్వాత ఏం చేసినా ముందు చెప్పి చేశారు. 'సార్, కుడి పక్కకి తిప్పుతున్నాను. సార్, మెడ మీదకొస్తున్నాను. సార్, ఇక్కడ చర్మం లాగుతాను, ఓపిక పట్టండి.' మధ్యలో నాలుగుసార్లు ఆగి మాస్కు పెట్టించారు. గడ్డం గీయడం పావుగంట పని. ఆయన నలభై నిమిషాలు తీసుకున్నారు, భోగి ముందు, షాపు నిండా జనాన్ని పెట్టుకుని.

ఐదు వందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు. అరవై తీసుకున్నారు. 'షాపులో ఎంతో ఇక్కడా అంతే. రోగం సూసి రేటు పెంచుతామేటి' అన్నారు. అంతకుముందు వారం రోజులు అన్ని కౌంటర్ల దగ్గరా నేను చూసింది దానికి పూర్తిగా తలకిందులు. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాన్న ఆ రాత్రి ఫోన్ కెమెరాలో మొహం చూసుకుని, బొటనవేలు పైకెత్తి చూపించారు. నా దగ్గర ఆయన చివరి మంచి ఫోటో అదే. పన్నెండో రోజు ఫ్రేములో పెట్టింది కూడా అదే, మాస్కు గీతలతో సహా. స్టూడియో అబ్బాయి గీతలు తీసేస్తానన్నాడు, వద్దన్నాను.

నేను మళ్లీ పిలవలేదు. రోజు విడిచి రోజు ఆయనే వచ్చారు. భోగి రోజు షాపు కట్టేశాక మధ్యాహ్నం వచ్చారు, జేబులో రెండు అరిసెలు, అమ్మకి. ఒకసారి మంగళవారం పడింది, ఆయనకి సెలవు. ఉన్న ఒక్క సెలవు రోజు కూడా బస్సెక్కి వచ్చారు. మొదటి రెండుసార్లు నాన్న ఆయనతో మాట్లాడారు, బాయిలర్ గదిలో వేడికి బ్లేడు పట్టుకుంటే చెయ్యి కాలిపోయేదని ఏదో చెప్పారు. తర్వాత నాన్నకి స్పృహ తగ్గింది. అయినా ఆయన 'సార్, ఎడమ పక్కకి తిప్పుతున్నాను' మానలేదు. ఎన్నిసార్లు వచ్చినా అరవయ్యే.

జనవరి 22 తెల్లవారుజామున నాన్న వెళ్లిపోయారు. నాలుగున్నరకి. ఇంకో అరగంటలో గడ్డం గీసుకునే టైము.

ఆ రోజు సెలూన్ అన్న రావాల్సిన వంతు. మాకెవరికీ ఆయన గుర్తు లేరు. బిల్లులు, అంబులెన్సు, ఫోన్లు, అదే సరిపోయింది. ఆయన వార్డుకి వచ్చి ఖాళీ మంచం చూసి, ఆయాని అడిగి, నాకు ఫోన్ చేశారు. 'ఇల్లెక్కడమ్మా' అన్నారు, ఇంకేం అనలేదు. రెండు బస్సులు మారి శ్రీహరిపురం వచ్చారు. వీధిలో చెప్పులు విప్పి, అదే సంచీతో లోపలికొచ్చారు. వేడినీళ్లు అడిగారు. అమ్మ స్టవ్ మీద పెట్టింది. చనిపోయిన మనిషికి వేడినీళ్లెందుకు అని ఎవరో చుట్టాలు అన్నారు. ఆయన వినిపించుకోలేదు. తువ్వాలు తడిపి, పిండి, బుగ్గ మీద పెట్టి, వంగి నెమ్మదిగా అన్నారు:

'సార్, కుడి పక్కకి తిప్పుతున్నాను.'

అప్పటిదాకా నేను గట్టిగానే ఉన్నాను. పొద్దున్నుంచి ఫోన్లు చేసి అందరికీ చెప్పింది నేనే. ఆ మాటతో కూలిపోయాను. ఇల్లంతా మౌనమైపోయింది. ఆయన మాత్రం ఎప్పట్లాగే, మెడ మీదకొస్తున్నాను సార్, అయిపోయింది సార్, అని పటిక రాసి, తువ్వాలు మడిచి పక్కన పెట్టి లేచారు. అరవై ఇస్తే, 'ఇయాల కాదమ్మా' అన్నారు. వాళ్ల ఆనవాయితీ ప్రకారం ఆ రోజు అడిగి తీసుకోవచ్చు, ఎవరూ తప్పనుకోరు. అయినా వద్దన్నారు. పేరు రాస్తానంటే కూడా వద్దన్నారు, షాపు పేరూ వద్దన్నారు. 'రాత్తే జనం వత్తారు, నాకీ రెండు కుర్చీలే' అని. అందుకే రాయడం లేదు.

అన్నా, మీరు ఫేస్‌బుక్ చూడరని తెలుసు. మీ అబ్బాయి చూస్తాడన్నారు కదా, వాడైనా చదివి వినిపిస్తాడని రాస్తున్నాను. మా నాన్న చేత 17 ఏళ్లప్పటి నుంచి ఎందరో సెల్యూట్ కొట్టించుకున్నారు, కొందరు ఆయనకి కొట్టారు. ఆయనకి ఒక పని చేసే ముందు ఆయనకి చెప్పి చేసింది ఆ పదిహేడు రోజుల్లో మీరొక్కరే.

ఇంకో సంగతి చెప్పకపోతే ఉండలేను. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ కోసం ఒక ఆఫీసుకి వెళ్లాం. సర్వీసు రికార్డులో అమ్మ పేరు చివర 'లక్ష్మి' అని ఉంది, ఆధార్‌లో 'లక్ష్మమ్మ' అని ఉంది. ఒక 'మ్మ' ఎక్కువైందట. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, నేనే ఆవిణ్ణి అని అఫిడవిట్ రాసివ్వాలి, నోటరీ చేయించాలి, మళ్లీ రావాలి. కుర్చీలో ఉన్నాయన ఒక్కసారీ తలెత్తలేదు. అమ్మ నిలబడే ఉంది. మీ ఇళ్లలో రిటైరైనవాళ్లుంటే తెల్లారగానే పెన్షన్ కాగితాలు, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. మనిషి ఉండగానే దిద్దించుకోండి. నాన్నకి ఉత్తరాలకి నంబర్లు వేయడం తెలుసు కానీ ఇది చూసుకోవడం తెలియలేదు.

అన్నయ్య, వదిన, మా ఆయన, పిన్ని, మావయ్యలు, పిల్లలు... మీకు థాంక్స్ చెబితే తిడతారు. అన్నయ్య దుబాయ్ నుంచి వచ్చి నాలుగు రాత్రులు కుర్చీలోనే పడుకున్నాడు, అది మాత్రం రాస్తున్నాను.

నాన్న బ్యాచ్‌మేట్లు ఆరుగురు వచ్చారు. ఒకాయన వాకర్‌తో. సందులో వరసగా నిలబడి, ఎవరో చిన్న గొంతుతో 'సావధాన్' అంటే వాకర్ వదిలేసి నిటారుగా నిలబడ్డారాయన. వెనక నుంచి మా పక్కింటి అబ్బాయి పట్టుకున్నాడు, లేకపోతే పడిపోయేవారు. అంకుల్స్ అందరికీ నమస్కారం. ఆ అబ్బాయికి కూడా.

రాసేశాననుకుని ఫోన్ పక్కన పెట్టాక గుర్తొస్తున్నారు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఆయన, అస్థికలు కలపడానికి తీసుకెళ్లి, డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించే చోట ఇంజిన్ ఆపేసి 'ఇక్కడైతే ఆయనకి తెలిసిన నీళ్లు' అన్నారు, డీజిల్ డబ్బులే తీసుకున్నారు. ఎదురు మంచం వాళ్ల కోడలు, తన చార్జర్ వారం రోజులు నా దగ్గరే ఉంచింది, ఇంకా నా బ్యాగులోనే ఉంది, అమ్మా నీ నంబరు పోయింది, ఇది చూస్తే మెసేజ్ పెట్టు. సెలూన్ అన్నకి నా నంబరిచ్చిన ఆయా. రాత్రి డ్యూటీ సిస్టర్, కేరళ అమ్మాయి, నాన్నకి తెలుగులో 'తాతగారూ' అనడం నేర్చుకుంది. పాలావిడ పన్నెండు రోజులు రెండు లీటర్లు ఎక్కువ పోసి లెక్క రాయలేదు. నోటరీ దగ్గర టైపు కొట్టే పెద్దాయన అమ్మకి తన స్టూలు ఇచ్చి తాను నిలబడి టైపు కొట్టారు. ఇంకా ఎవర్నో మర్చిపోయాను, తప్పకుండా మర్చిపోయి ఉంటాను, మీరే కింద రాయండి.

ఆ రోజు మడిచి పక్కన పెట్టిన తువ్వాలు అన్న మా ఇంట్లోనే మర్చిపోయారు. నీలం గళ్లది. ఉతికి ఆరేశాను. తెల్లారితే మంగళవారం, షాపు ఉండదు. బుధవారం వెళ్లి ఇచ్చొస్తాను.